తల స్కాన్ నార్మల్, బిడ్డ మాత్రం మగతలోనే

బెంగళూరు తూర్పు వైపు ఒక ఆసుపత్రిలో పిల్లల ఎమర్జెన్సీ చూస్తాను. ఈ కేసు జరిగి కొంతకాలమైంది. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మాత్రం ఉన్నవి ఉన్నట్టే పెట్టాను. మా పీజీలకి, అంటే ఇక్కడ పైచదువు చదివే డాక్టర్లకి, ఇది చాలాసార్లు చెప్పాను. రాసి పెడితే ఇంకొంతమందికి చేరుతుందని, తల్లిదండ్రులు చదివినా అర్థం కావాలని ఇలా రాస్తున్నాను.

రాత్రి 11:20కి వచ్చారు. 9 నెలల బాబు, 8.2 కిలోలు. తండ్రికి వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, ఇల్లు కేఆర్ పురం దగ్గర. మనవడిని చూసుకోడానికి మదనపల్లె నుంచి వచ్చిన నాయనమ్మ కూడా వెంట ఉంది. తండ్రి చేతిలో పెద్ద సీటీ ఫిల్మ్ కవరు. నేను ఏమీ అడగకముందే కవరు నా చేతికిచ్చి మొదలుపెట్టాడు: "మేడమ్, రెండు రోజుల కింద మంచం మీద నుంచి పడ్డాడు. ఇవాళ పొద్దున్నుంచి వాంతులు, మధ్యాహ్నం నుంచి ఒకటే మగత. సాయంత్రం ఒక నర్సింగ్ హోమ్‌లో సీటీ తీశారు, నార్మల్ అన్నారు. కానీ వీడు లేవడం లేదు."

పడింది అడుగున్నర ఎత్తున్న దివాన్ మీద నుంచి, టైల్స్ గచ్చు మీద. వెంటనే ఏడ్చాడు, నుదుటి మీద చిన్న బొప్పి కట్టింది, అరగంటలో మామూలుగా ఆడుకున్నాడు, పాలు తాగాడు, ఆ రోజు, మర్నాడు బాగానే ఉన్నాడు. మూడో రోజు పొద్దున వాంతులు మొదలయ్యాయి. నర్సింగ్ హోమ్‌లో సీటీకి కదలకుండా ఉండాలని నిద్ర సిరప్, ట్రైక్లోఫాస్, పట్టారు. సీటీలో రక్తస్రావం లేదు, పుర్రె చిట్లలేదు. వాంతులు ఆగడానికి మందు, ఓఆర్ఎస్ రాసి, మగత సిరప్ వల్లే, తగ్గిపోతుందని చెప్పి ఇంటికి పంపారు. పది గంటలకి మళ్ళీ పెద్ద వాంతి అయ్యేసరికి తల్లి భయపడి ఇక్కడికి తీసుకురమ్మంది.

నేను చూసేటప్పటికి పిలిస్తే కళ్ళు తెరుస్తున్నాడు, రెండు క్షణాల్లో మళ్ళీ మూసేస్తున్నాడు. ముఖం పాలిపోయి ఉంది. గుండె నిమిషానికి 168, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు, జ్వరం లేదు, షుగర్ 82. కంటిపాపలు రెండూ సమానంగా, వెలుతురుకి స్పందిస్తున్నాయి. మాడు ఉబ్బలేదు, కొంచెం లోపలికే ఉంది.

లోపలికి ఉన్న మాడు, 168 గుండె వేగం, ఈ రెండూ ఇప్పుడు రాస్తుంటే అంతా స్పష్టంగా కనబడుతోంది. తలలో ఒత్తిడి పెరిగిన 9 నెలల బిడ్డకి మాడు గట్టిగా ఉబ్బి ఉండాలి, లోపలికి పోకూడదు. ఒత్తిడి బాగా పెరిగిన దశలో గుండె వేగం తగ్గుతుంది, ఇలా పరుగెత్తదు. అంటే పిల్లవాడి ఒళ్ళు తల గురించి మాట్లాడటం లేదు, నీళ్ళు తగ్గాయని, ఎక్కడో నొప్పి ఉందని చెబుతోంది. ఆ రాత్రి నేను ఆ రెండూ చూశాను, కేస్ షీట్‌లో రాశాను కూడా, కానీ వినలేదు. సీటీ కవరు చేతిలో ఉంది, "పడ్డాడు" అన్న మాట చెవిలో ఉంది. ఫిల్మ్‌ని లైట్ బాక్స్ మీద పెట్టి ప్రతి స్లైసూ రెండుసార్లు చూశాను. పలచగా పేరుకున్న రక్తం ఎక్కడైనా దాగి ఉందేమో అని న్యూరోసర్జన్‌కి ఫోన్ చేసి ఫోటోలు పంపాను. మా పీజీ అడిగాడు, "మేడమ్, సీటీ తీసి ఆరు గంటలైంది కదా, రిపీట్ చేద్దామా?" తండ్రి అయితే, "ఎంఆర్ఐ తీసేయండి మేడమ్, డబ్బు గురించి ఆలోచించకండి, లేకపోతే నిమ్హాన్స్‌కి తీసుకెళ్ళమంటారా?" అని. రాయలసీమ నుంచి బెంగళూరు వచ్చే మన వాళ్ళకి తల అంటే ఇక్కడి మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్సే గుర్తొస్తుంది, ఆ టెన్షన్‌లో ఆయన అడగడంలో తప్పేమీ లేదు.

ఈలోగా సెలైన్ మొదలుపెట్టాం, కిలోకి 20 మిల్లీలీటర్ల లెక్కన 164. ఏడాది లోపు బిడ్డ మగతలో వస్తే, పడిన కథ ఉంటే, ఎవరైనా కొట్టారా, కుదిపారా అన్నది కూడా మనసులో పెట్టుకోవాలి. అడగడానికి ఇబ్బందిగా ఉన్నా తల్లినీ తండ్రినీ విడివిడిగా అడిగాను, బట్టలు తీసి ఒళ్ళంతా చూశాను, కమిలిన గుర్తులు లేవు, ఇద్దరి మాటా ఒకటే. బట్టలు తీశానన్న మాటే కానీ డైపర్ మాత్రం విప్పలేదు.

అలా 40 నిమిషాలు పోయాయి.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ నాయనమ్మని ఎవరూ ఏమీ అడగలేదు. కథంతా తండ్రే చెప్పాడు, చక్కగా తారీఖులతో, లెక్కలతో, "వామిటింగ్, ఫోర్ ఎపిసోడ్స్" అని. రోజంతా బిడ్డని ఎత్తుకుని ఉన్నది మాత్రం ఆవిడ. సెలైన్ ఎక్కుతుండగా బాబు ఒక్కసారిగా మెలికలు తిరిగి సన్నగా మూలిగి, కాళ్ళు పొట్టలోకి ముడుచుకున్నాడు. ఒక నిమిషం, అంతే, మళ్ళీ మగతలోకి జారిపోయాడు. ఆవిడ దగ్గరికొచ్చి అంది:

"ఇదే అమ్మా, పొద్దున్నించీ ఇట్లే. ఉండుండి మెలికలు తిరిగి ఏడుస్తా ఉండాడు, మళ్ళా సొమ్మసిల్లినట్టు పడుకుంటా ఉండాడు. దిష్టేమో అని తీసినా కూడా."

"ఎంతసేపటికి ఒకసారి వస్తోంది అమ్మా?"

"పొద్దున అరగంటకొకసారి, సాయంత్రానికి ఇంకా బిరీన బిరీన. ఏడ్చే ఓపిక కూడా పోయింది బిడ్డకి. రాత్రి కక్కింది పాలు కాదు, పచ్చగా పసరు."

పసరు. పసిబిడ్డ పచ్చటి పసరు కక్కితే, అది కాదని తేలేదాకా పేగు అడ్డుపడిందనే అనుకోవాలి, ఇది మాకు మొదటి ఏడాదిలోనే నేర్పిస్తారు. నేను వాంతులు ఎన్ని అని అడిగాను, రంగు అడగలేదు.

పొట్ట మీద చెయ్యి వేశాను. మెత్తగానే ఉంది. కుడి వైపు పక్కటెముకల కింద అరటికాయ ముక్కలా పొడుగ్గా, కొంచెం గట్టిగా ఏదో తగిలింది, దాని కింద కుడి పొత్తికడుపు ఖాళీగా అనిపించింది. డైపర్ విప్పితే మలం లేదు, జిగటగా ఎర్రటి మరక. "ఇందాక మార్చినప్పుడు కూడా ఇట్లే ఉండె, పళ్ళు వచ్చేటప్పుడు జిగురు పోతుంది కదా అనుకున్యా" అంది నాయనమ్మ.

పేగులో పేగు దూరడం, ఇంటస్ససెప్షన్. చొక్కా విప్పేటప్పుడు దాని చెయ్యి లోపలికి మడత పడుతుంది చూడండి, అలా చిన్న పేగు చివరి భాగం పెద్ద పేగులోకి దూరిపోతుంది. ఎక్కువగా 3 నెలల నుంచి 3 ఏళ్ళ మధ్య, అందులోనూ మొదటి ఏడాదిలో వస్తుంది. చాలామందిలో కారణం కనబడదు. జలుబు, విరేచనాల లాంటి వైరస్ జబ్బు తర్వాత పేగు గోడలోని లింఫ్ కణజాలం ఉబ్బి, దాన్ని పట్టుకుని పేగు ముందుకు జారుతుందని అనుకుంటాం. పేగుతో పాటు దాని రక్తనాళాలు కూడా ఇరుక్కుంటాయి, గంటలు గడిచేకొద్దీ ఆ భాగం చచ్చుబడుతుంది. పుస్తకాల్లో రాసే మూడు లక్షణాలు, అంటే ఉండుండి వచ్చే నొప్పి, వాంతులు, ఎర్ర జెల్లీ లాంటి మలం, మూడూ కలిసి కనబడేది నాలుగో వంతు పిల్లల్లో కూడా కాదు. కొందరిలో అన్నిటికంటే ముందు కనబడేది మగతే. ఏడుపు కూడా ఉండదు, బిడ్డ పాలిపోయి, బరువుగా, పిలిచినా పలకకుండా పడుకుంటాడు. మెదడువాపనో, తల దెబ్బనో, ఇన్‌ఫెక్షన్ అనో అనుకుని వాటి పరీక్షల్లో గంటలు పోతాయి. మా బాబుకి సరిగ్గా అదే జరిగింది, పైగా రెండు రోజుల కిందటి బొప్పి, సాయంత్రం పట్టిన నిద్ర సిరప్, రెండూ కలిసి మగతకి ముందే కారణాలు సిద్ధం చేసి పెట్టాయి. ట్రైక్లోఫాస్ మత్తు పసిపిల్లల్లో గంటల తరబడి ఉంటుంది, అందుకే "సిరప్ వల్లే" అన్న మాట ఎవరికైనా నమ్మబుద్ధి అవుతుంది. కానీ మగత సిరప్ కంటే ముందే మొదలైంది. నిద్ర మందు ఇచ్చే ముందు బిడ్డ ఎంత మెలకువగా ఉన్నాడో ఒక్క లైను రాసి పెట్టి ఉంటే తర్వాత చూసే వాళ్ళకి ఈ చిక్కు ఉండేది కాదు.

12:10కి మా ఎమర్జెన్సీలోని అల్ట్రాసౌండ్ మెషీన్ తెచ్చి ప్రోబ్ పెట్టాను. కుడి పైభాగంలో, అడ్డంగా కోసిన ఉల్లిపాయ ముక్కలా రింగులు రింగులుగా గుండ్రటి బొమ్మ, అడ్డుకొలత 3.1 సెంటీమీటర్లు. ఈ కొలత ముఖ్యం. చిన్న పేగులోకి చిన్న పేగే దూరి దానంతట అదే విడిపోయే రకం కూడా ఉంటుంది, అది సాధారణంగా 2 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. రేడియాలజిస్ట్‌కి ఫోన్ చేస్తే ఆవిడ ఇంటి నుంచి బయల్దేరి 12:45కి వచ్చారు. ఆ టైమ్‌కి టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర రోడ్డు ఖాళీగా ఉండబట్టి సరిపోయింది. కలర్ డాప్లర్‌లో ఇరుక్కున్న పేగుకి రక్తం పారుతోందని చూశారు. చుట్టూ నీరు కొంచెమే ఉంది, గడ్డ లాంటి మరో కారణం కనబడలేదు. పొట్టకి ఒక్క ఎక్స్‌రే అడిగారు, పేగు చిల్లు పడి గాలి బయటికొచ్చిందా అని చూడటానికి. గాలి లేదు. ఇంటస్ససెప్షన్ ఉందో లేదో తేల్చడానికి ఎక్స్‌రే నమ్మదగింది కాదు, చాలాసార్లు మామూలుగానే కనబడుతుంది. చిల్లు ఉందా అన్న ఒక్క ప్రశ్న కోసం అడిగారు, జవాబు వచ్చింది, ఇంకొకటి తియ్యలేదు.

పిల్లల సర్జన్ వచ్చారు, ఆపరేషన్ థియేటర్‌కి చెప్పి ఉంచాం. తండ్రిని కూర్చోబెట్టి కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆయన మొదటి ప్రశ్న, "అయితే తలకి ఏమీ కాలేదా?" రెండో ప్రశ్న, "కోస్తారా?" ముందు కోయకుండా ప్రయత్నిస్తామని, మలద్వారం నుంచి చిన్న గొట్టం పెట్టి గోరువెచ్చటి సెలైన్ పంపి, ఆ ఒత్తిడితో దూరిన పేగుని వెనక్కి నెడతామని, అల్ట్రాసౌండ్‌లో చూస్తూనే చేస్తామని, చిల్లు పడే ప్రమాదం వందలో ఒకరి కంటే తక్కువని, పడితే వెంటనే ఆపరేషన్ అని చెప్పాను. గాలితో చేసే పద్ధతి కూడా ఉంది, అది ఎక్స్‌రేలో చూస్తూ చేస్తారు. మా దగ్గర సెలైన్ పద్ధతి అలవాటు, బిడ్డకి రేడియేషన్ ఉండదు. బిడ్డ షాక్‌లో ఉన్నా, పొట్ట గట్టిగా బిగుసుకున్నా, చిల్లు పడినా మాత్రం ఇది చేయకూడదు. అందుకే ముందు సెలైన్ ఎక్కించి గుండె వేగం 140కి దిగేదాకా ఆగాం.

1:15కి సెలైన్ సీసా బల్లకి 100 సెంటీమీటర్ల ఎత్తులో కట్టారు. తెర మీద ఉల్లిపాయ కుడి పైనుంచి మెల్లగా కిందికి జరుగుతూ కనబడింది. ఐదు నిమిషాల్లో చిన్న పేగూ పెద్ద పేగూ కలిసే చోటికి వచ్చి అక్కడ ఆగిపోయింది. అక్కడ ఉబ్బిన కవాటం దగ్గర చాలా కేసులు ఇలాగే మొండికేస్తాయి. ఒత్తిడి పెంచలేదు, వదిలేసి అరగంట ఆగాం. ఆ విరామంలో వాపు కొంచెం తగ్గుతుంది, బిడ్డ స్థిరంగా ఉంటే రెండోసారి ప్రయత్నించడం మంచి పద్ధతి. ఆ అరగంట తల్లి బాబు చెయ్యి పట్టుకుని ఒక్క మాట మాట్లాడలేదు. 1:55కి మళ్ళీ మొదలుపెట్టాం. ఏడో నిమిషంలో కవాటం తెరుచుకుని సెలైన్ చిన్న పేగులోకి బుడగలు బుడగలుగా దూకింది, ఉల్లిపాయ మాయమైంది. రేడియాలజిస్ట్ "అయిపోయింది" అనగానే నాయనమ్మ గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

తెల్లవారి ఆరింటికి బాబు కళ్ళు తెరిచి గట్టిగా, కోపంగా, ఆకలితో ఏడ్చాడు. మత్తు సిరప్ ఇచ్చి పన్నెండు గంటలైంది, సెలైన్ ఎక్కింది, పేగు విడిపోయింది, ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేను. ఇలా విడిపోయిన పేగు మళ్ళీ దూరే అవకాశం దాదాపు పదిమందిలో ఒకరికి ఉంటుంది, చాలావరకు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే. ఆ సాయంత్రం మళ్ళీ కాళ్ళు ముడుచుకుని ఏడ్చాడు, అందరికీ ప్రాణం పోయింది. ఐదు నిమిషాల్లో మళ్ళీ అల్ట్రాసౌండ్ చూశాం, పేగులన్నీ మామూలుగానే ఉన్నాయి, అది గ్యాసే. అల్ట్రాసౌండ్ ఎన్నిసార్లు చూసినా బిడ్డకి నష్టం లేదు కాబట్టి ఇలాంటి చోట వెనకాడక్కర్లేదు.

మరి సాయంత్రం తీసిన ఆ సీటీ తప్పా? తండ్రి ఇది తర్వాత నన్ను సూటిగా అడిగాడు. నాలుగు మాటల్లో చెప్పలేను.

తలకి దెబ్బ తగిలి 24 గంటల్లోపు వచ్చిన పిల్లల్లో ఎవరికి సీటీ అక్కర్లేదో తేల్చడానికి పీకార్న్ అనే పద్ధతి ఉంది. 42,412 మంది పిల్లల్ని చూసి తయారుచేశారు, 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. రెండేళ్ళ లోపు బిడ్డకి స్పృహలో తేడా లేకుండా, పుర్రె చిట్లినట్టు చేతికి తగలకుండా, బొప్పి నుదుటి మీద తప్ప తల పక్కనో వెనకో లేకుండా, 5 సెకన్లు స్పృహ పోకుండా, 3 అడుగుల కంటే ఎత్తు నుంచి పడటం లాంటి పెద్ద దెబ్బ కాకుండా, తల్లిదండ్రులకి బిడ్డ తీరు ఎప్పటిలాగే అనిపిస్తే, ముఖ్యమైన మెదడు గాయం ఉండే అవకాశం పదివేలలో ఇద్దరి కంటే తక్కువ. మా బాబు పడిన రోజే తీసుకొచ్చి ఉంటే ఈ లెక్కన సీటీ అక్కర్లేదు, కాసేపు ఉంచి చూసి పంపేవాళ్ళం. కానీ అతను వచ్చింది మూడో రోజు, మగతలో. మగతగా ఉన్న పసిబిడ్డకి, పడిన కథ ఉంటే, తల సీటీ తియ్యడం సమంజసమే. ఆ డాక్టర్ స్థానంలో నేనున్నా తీసేదాన్నేమో. నా బాధ సీటీ తీసినందుకు కాదు. "తలలో రక్తం ఉందా" అని అడిగారు, లేదని జవాబు వచ్చింది. అయితే మగత ఎందుకు అన్నది అప్పుడు మొదలవ్వాల్సిన ప్రశ్న, అది అక్కడే ఆగిపోయింది. నా దగ్గర కూడా 40 నిమిషాలు ఆగింది, పైగా అదే ప్రశ్నని ఇంకో సీటీతోనో ఎంఆర్ఐతోనో మళ్ళీ అడగబోయాం. ఎంఆర్ఐకి పంపి ఉంటే ఇంకోసారి మత్తు, ఇంకో గంటన్నర, అంతసేపూ పేగు లోపల బిగుసుకుంటూనే ఉండేది.

రేడియేషన్ గురించి తల్లిదండ్రులు అడిగితే నేను దాచను, భయపెట్టను. తల సీటీ ఒకటి దాదాపు 2 మిల్లీసీవర్ట్‌లు, ఒంటికి అందే రేడియేషన్‌ని ఈ లెక్కలో కొలుస్తాం. ప్రపంచ సగటున మనిషికి ప్రకృతి నుంచే ఏడాదికి 2.4 వస్తుంది, అంటే ఇంచుమించు పది నెలలది ఒకేసారి అందినట్టు. యూరప్‌లో 9 దేశాల్లో, సీటీ తీయించుకున్న సుమారు 9.5 లక్షల మంది పిల్లల్ని, యువకుల్ని చూసిన అధ్యయనం 2023లో వచ్చింది. పదివేల మంది పిల్లలకి సీటీ తీస్తే తర్వాతి 12 ఏళ్ళలో ఆ కారణంగా ఒకరిద్దరికి రక్త క్యాన్సర్ రావచ్చని దాని అంచనా. ఒక బిడ్డకి ఇది చాలా చిన్న ప్రమాదం, అవసరమైన సీటీని దీనికి భయపడి ఆపకూడదు. కానీ బెంగళూరు లాంటి ఊళ్ళో ఒక్క రాత్రి ఎంతమంది పిల్లలకి సీటీలు తీస్తామో తలుచుకుంటే, అక్కర్లేనిది ఒక్కటి తగ్గినా మంచిదే. తీసినప్పుడు కూడా పెద్దవాళ్ళ సెట్టింగ్‌తో కాకుండా బిడ్డ వయసుకి, బరువుకి తగ్గట్టు తియ్యాలి. ఆ సీటీ రూమ్‌కి ఫోన్ చేసి ఆ మాట చెప్పడానికి డాక్టర్‌కి అర నిమిషం పడుతుంది.

ఇందులో డాక్టర్ల ఆలోచనతో పాటు ఏర్పాట్ల సమస్య కూడా ఉంది. రాత్రి పదింటికి చిన్న ఆసుపత్రిలో ఏది సులువు? సీటీ. టెక్నీషియన్ ఉంటాడు, పది నిమిషాల్లో తీస్తాడు, రిపోర్టు ఎక్కడో కూర్చున్న రేడియాలజిస్ట్ ఆన్‌లైన్‌లో పంపిస్తారు. అల్ట్రాసౌండ్ అలా కాదు, దానికి చెయ్యి కావాలి, చూడటం వచ్చిన మనిషి మంచం పక్కన నిలబడాలి. పైగా లింగ నిర్ధారణ ఆపడానికి తెచ్చిన 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ప్రతి మెషీనూ, దాన్ని వాడే డాక్టరూ నమోదై ఉండాలి. ఆడపిల్లల్ని కాపాడటానికి ఆ చట్టం అవసరమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. మా ఎమర్జెన్సీలో మెషీన్ పెట్టడానికి ఆ కాగితాలన్నీ పూర్తి చేయడానికి నెలలు పట్టింది, ఆ రాత్రి ఆ నెలలన్నీ వసూలయ్యాయి. చిన్న చోట్ల ఇంత శ్రమ ఎవరు పడతారు? అందుకని పిల్లలకి రేడియేషన్ లేని పరీక్ష పగలు దొరుకుతుంది, రేడియేషన్ ఉన్నది రాత్రంతా దొరుకుతుంది. ఇది మారాలంటే పిల్లల డాక్టర్లు తగిన శిక్షణ తీసుకుని, నమోదు చేయించుకుని, ప్రోబ్ పట్టడం మొదలుపెట్టాలి. ఇంటస్ససెప్షన్ ఉల్లిపాయ బొమ్మ నేర్చుకోడానికి కష్టమైనది కాదు, మా పీజీలు కొద్ది నెలల్లో పట్టేస్తున్నారు.

ఈ కేసు తర్వాత మా దగ్గర రెండు మార్పులు చేశాం. మగతగా వచ్చిన రెండేళ్ళ లోపు ప్రతి బిడ్డకీ, బొప్పి ఉన్నా సరే, షుగర్ చూడటం, డైపర్ విప్పడం, పొట్ట మీద చెయ్యి వేయడం స్కాన్ ఫారం రాయకముందే జరగాలి. ఫారంలో "హెడ్ ఇంజురీ" అని రాస్తే టెక్నీషియన్ తీసుకోడు, ఏం తెలుసుకోవాలనుకుంటున్నామో ప్రశ్నలా రాయాలి. మొదట్లో పీజీలు విసుక్కున్నారు. బిడ్డని రోజంతా ఎత్తుకున్న మనిషిని విడిగా అడగడం మాత్రం ఫారంలో పెట్టలేకపోయాను, దానికి నేనే ప్రతి రౌండ్‌లో "ఎత్తుకున్నది ఎవరు, వాళ్ళేమన్నారు" అని అడుగుతున్నాను.

వారం తర్వాత చూపించడానికి వచ్చారు. బాబు నా స్టెతస్కోప్ నోట్లో పెట్టుకున్నాడు, బొప్పి పూర్తిగా తగ్గిపోయింది. వెళ్ళేముందు తండ్రి ఆ సీటీ కవరు బ్యాగులోంచి తీసి, "ఇది ఇంకేం పనికొస్తుంది మేడమ్, పడేయమంటారా?" అన్నాడు. వద్దన్నాను. కవరు మీద తారీఖు పెద్ద అక్షరాలతో రాసి, టీకాల కార్డుతో పాటు దాచమని, రేపెప్పుడైనా ఎక్కడైనా ఎవరైనా తల స్కాన్ అంటే ముందు దీన్ని చూపించమని చెప్పాను. నాయనమ్మ ఆ కవరు ఆయన చేతిలోంచి తీసుకుని తన సంచిలో పెట్టుకుంది.